కుట్టుకు పావంగుళం

పెద్దకోడలికి తన భర్త మీద ఉన్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. ఆయన తాగడు, అరవడు, పటాలు కట్టే కొట్టు మూయగానే తిన్నగా ఇంటికొస్తాడు. ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. కానీ నాలుగు నెలల కిందట, "నువ్వొక్కదానివే కడుపు మాడ్చుకుంటే నాకు ముద్ద దిగదోయ్, నేనూ నీతోపాటే" అని తోడుగా మూడు రోజులు ఉడికించిన కూరగాయలు తిని, నాలుగో రోజు పొద్దున్న ప్యాంటు జారిపోతోందని బెల్టు వెతుక్కున్నాడు చూడండి, దాన్ని మాత్రం ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజు నుంచి ఆయన మామూలు భోజనానికి వచ్చేశాడు. రెండోసారి వడ్డించుకుంటూ, "తగ్గడం ఏమంత కష్టం కాదోయ్" అని సలహా కూడా ఇచ్చాడు.

అలాంటి మనిషిని కూడా ఈ పూట ఆమె ఒక్క మాట అనలేదు. అనాలంటే నోరు పెగలాలి కదా. నిన్న మధ్యాహ్నం చిన్నకోడల్ని ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దింపినప్పటి నుంచి, పెద్దకోడలిది తేలు కుట్టిన దొంగ పరిస్థితి.

చిన్నకోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. నిన్న ఎవరో పెద్దావిడకు ఫ్రేము పెట్టి, అద్దం పట్టుకుని, "మీ ముఖానికి ఇది భలే నప్పిందండీ" అంటూ అంటూనే కూలబడిపోయింది. అద్దం పగిలింది. మనిషికి మోచెయ్యి గీరుకుంది. డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, మందుల చీటీ మీద మందులేవీ రాయకుండా 'మూడు పూటలా భోజనం, రెండు రోజులు విశ్రాంతి' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

ఆ చీటీ ఇప్పుడు ముందు గదిలో బల్ల మీద, నీళ్ళ గ్లాసు కింద రెపరెపలాడుతోంది. చుట్టూ కోర్టు నడుస్తోంది.

"అసలీ పిచ్చి ఇంట్లోకి ఎవరు తెచ్చారో ముందు అది చెప్పండి," అన్నాడు మరిది. బస్సు నడుపుతాడు. ఇంట్లో మాట్లాడినా హారను మోగినట్టే ఉంటుంది. "నడకలు, కొలతలు, ఆకులు! మనుషులా, మేకలా?"

"మెల్లగారా, అది పడుకుంది," అంది అత్తగారు.

"పడుకుందో, పడిపోయిందో చూడమ్మా ముందు!"

"తగ్గుతానని తిండి తగ్గించుకుంటే ఓ అర్థముంది. అది తగ్గుతూనే ఉందిగా! పక్షానికోసారి కోటు బిగించుకుంటూనే ఉందిగా! మరి దానికి పస్తులెందుకు?" అత్తగారి ప్రశ్న ఎప్పుడూ ఇంతే. ఎవరినీ అడగదు, గాల్లోకి వదులుతుంది. ఎవరి మీద వాలాలో దానికే తెలుసు.

"నన్నెందుకు చూస్తారు?" అంది పెద్దకోడలు.

ఎవరూ ఆమెను చూడలేదు. మరిది చీటీ చూస్తున్నాడు. అత్తగారు కిటికీ చూస్తోంది. ఇప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేసారి ఇటు తిరిగారు.

"గుమ్మడికాయల దొంగెవరంటే నువ్వు భుజాలు తడుముకుంటావేమే పెద్దమ్మాయ్?" అంది అత్తగారు.

"పొయ్యి మీద సూప్ పెట్టాను, పొంగుతుంది," అని పెద్దకోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించడం ఆ తర్వాత.

తోడికోడళ్ళిద్దరూ ఒకే సోమవారం మొదలుపెట్టారు. అదే తిండి, అదే మైదానం, అవే ఆరు చుట్లు. బరువు చూసే యంత్రం కొందామని చిన్నకోడలు అంటే, పెద్దకోడలే వద్దంది. పన్నెండేళ్ళుగా ఇంటి వసారాలో మిషను పెట్టి ఊరందరికీ బట్టలు కుడుతున్న మనిషి. "ఆ యంత్రం కాలు ఇటు జరిపితే ఒకటి, అటు జరిపితే ఒకటి చెప్తుంది. టేపు అబద్ధమాడదు" అని, తన మెడలోని టేపుతో ఇద్దరి నడుములూ కొలిచి గోడ క్యాలెండరు వెనక రాసింది. తనది నలభై. చిన్నదానిది ముప్పై ఆరు.

ఆ వారమే బజారుకెళ్ళి కొత్త టేపు కొనుక్కుంది. పాతది చిన్నకోడలికిచ్చింది. 'దానికి ఇది చాల్లే' అనుకుంటూనే ఇచ్చింది, దాచడమెందుకు.

మొదటి నెల తిరిగేసరికి చిన్నదానిది ముప్పై అయిదు. పెద్దదానిది నలభై ఒకటిన్నర.

ఒకసారి కాదు, మూడుసార్లు కొలుచుకుంది. ఊపిరి బిగబట్టి కొలుచుకుంది. వదిలి కొలుచుకుంది. ఆ రోజు ఆమె నీళ్ళు కూడా అనుమానంగా తాగింది. తర్వాత ఎంత నడిచినా, ఎన్ని ఆకులు నమిలినా, నాలుగో నెలకు ముప్పై తొమ్మిదిన్నర. నాలుగు నెలల చాకిరీకి ఫలితం అర అంగుళం. గాలి పీల్చినా లావెక్కే ఒళ్ళు అని తనను తాను తిట్టుకుంటే కొంత తీరేది. తోడికోడల్ని చూస్తే మళ్ళీ మండేది.

ఎందుకంటే పదిహేను రోజులకోసారి దుకాణం వాళ్ళ నీలం కోటు భుజాన వేసుకుని వచ్చేది చిన్నది. "అక్కా, మళ్ళీ వదులైంది. కాస్త బిగించి పెట్టవూ?"

ఆ కోటు కాదు, ఆ 'మళ్ళీ' అనే మాట గుచ్చుకునేది. గుండుసూదులు రోజంతా నోట్లో పెట్టుకుని తిరిగే మనిషికి కూడా.

మూడు వారాల కిందట ఓ బ్యాంకు ఉద్యోగిని కొలతలివ్వడానికి వచ్చి, గేటు దాటుతున్న చిన్నకోడల్ని చూసి, "ఎంత నాజూగ్గా అయిందండీ! ఒకే ఇల్లు, ఒకే వంట. మరి మీకెందుకు పనిచెయ్యలేదో!" అంది. పెద్దకోడలి నోట్లో ఆరు సూదులున్నాయి. జవాబు చెప్పడానికి లేదు.

ఆ సాయంత్రమే కోటు వచ్చింది. అంగుళం బిగిస్తే చాలు. ఆమె ఆ అంగుళమూ బిగించింది, పైన మరికాస్త. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు నిలువు కుట్లు. ప్రతి కుట్టుకూ అటు పావంగుళం, ఇటు పావంగుళం. చూస్తే తెలియదు. వేసుకుంటే రెండంగుళాలు.

'ఒక్క వారం దానికీ తెలియాలి, బట్ట పట్టకపోతే ఎలా ఉంటుందో' అనుకుంది. ఒక్క వారమే అనుకుంది.

*

సూప్ తీసుకెళ్ళేసరికి చిన్నకోడలు మేలుకునే ఉంది. కళ్ళ కింద నీడలు. చెంపలు లోపలికి పోయాయి. ఈ మూడు వారాలూ ఆ చెంపల్ని చూసి తను అసూయపడిందని గుర్తొచ్చి, పెద్దకోడలు గిన్నె వైపు చూసింది.

"అక్కా, తలుపు దగ్గరగా వెయ్యి."

వేసింది.

"ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా. నేను లావెక్కానక్కా."

"నీకేం లావు చిన్నీ? అద్దంలో చూసుకున్నావా?"

"కోటు పట్టలేదు. నువ్వు బిగించి ఇచ్చిన మర్నాడే. గుండీలు పెడితే ఊపిరాడదు. దుకాణంలో గుండీలు తీస్తే ఊరుకోరు. రోజంతా కడుపు లోపలికి లాక్కుని నిలబడుతున్నా."

"టేపు పెట్టి చూసుకోకపోయావా?"

"చూశా. ముప్పై మూడే అంటోంది. కానీ టేపు నేను పట్టుకుంటే అటూ ఇటూ జారుతుంది. కోటు బిగించింది నువ్వు. నా చెయ్యి తప్పుతుందేమో గానీ, నీ చెయ్యి తప్పుతుందా?"

పెద్దకోడలు చెంచాతో సూప్ కలిపింది. కలపాల్సినదేమీ లేదు అందులో.

"అందుకని రాత్రి భోజనం మానేశా. మీరడిగితే దుకాణంలో తిన్నానన్నా, దుకాణంలో అడిగితే ఇంట్లో తింటానన్నా. తర్వాత మధ్యాహ్నం కూడా..." చిన్నది నవ్వబోయింది. "నిన్ను చూస్తే నాకు కుళ్ళక్కా, తెలుసా?"

"నన్నా?"

"నాలుగు నెలల్లో అర అంగుళం. అయినా పొద్దున్నే లేచి చెప్పులేసుకుని బయల్దేరతావు. ఒక్కరోజు మానలేదు. నాకేమో కాస్త పెరిగేసరికి పిచ్చెక్కిపోయింది. అంత ఓపిక ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటావు?"

కొన్ని పొగడ్తలు చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతాయి. పెద్దకోడలు చెంచా అందించింది. "ముందు తాగు, చల్లారిపోతుంది," అంది. ఆ వేళ ఆమె నోటి నుంచి వచ్చిన నిజమైన మాట అదొక్కటే.

చిన్నకోడలు నాలుగు చెంచాలు తాగి, గిన్నె పక్కకు జరిపింది. "చాలక్కా. ఎల్లుండి అదే కోటు వేసుకోవాలి."

*

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగింది. మరిది డ్యూటీకి వెళ్ళాడు. అత్తగారు వంటింట్లో, కిటికీ అద్దం పగిలిన చోటు నుంచి దుమ్మొస్తోందని రెండు రోజులుగా అంటున్నదే మళ్ళీ అనుకుంటూ గిన్నెలు సర్దుతోంది. పెద్దకోడలు వంకెకు తగిలించిన నీలం కోటు తీసుకుని వసారాలోకి వెళ్ళి, మిషను ముందు కూర్చుని, బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండంగుళాలూ వదిలేస్తే కోటు పడుతుంది. చిన్నది తింటుంది. చేసిన పని చేసినట్టే చెరిగిపోతుంది. గట్టిగా చూస్తే అరగంట పని.

మూడు కుట్లు విప్పి మళ్ళీ కుట్టింది. నాలుగోది విప్పుతుండగా భర్త వచ్చాడు. చేతిలో గాజుపలక, చంకలో పాత టేపు.

"ఏమోయ్, ఈ అద్దం చూశావా? వంటింటి కిటికీకి అంగుళం తక్కువొచ్చింది."

"కోసినవాణ్ణి అడగండి."

"కోసింది నేనే."

"అయితే మిమ్మల్ని మీరే తిట్టుకోండి. నాకు పనుంది."

"అది కాదోయ్. నా ఇనుప టేపు కొట్లో ఉండిపోతే, చిన్నీ అలమారలోంచి ఈ గుడ్డ టేపు తీసి కొలిచాను. ఇరవై అంది. కొట్లో ఇనుప స్కేలు పెట్టి ఇరవై కోశాను. తీరా చూస్తే కిటికీ ఇరవై ఒకటి. కిటికీ పెరుగుతుందా ఎక్కడైనా?"

ఆమె మెడలోని కొత్త టేపు లాగి, పాతదాని పక్కన బల్ల మీద పరిచాడు. రెండింటి మొదళ్ళూ కలిపి బొటనవేలితో నొక్కిపెట్టాడు.

"ఇదిగో, చూడు. నీ పాతదాంట్లో ఇరవై అన్నచోట కొత్తదాంట్లో ఇరవై ఒకటి. నలభై అన్నచోట నలభై రెండు. పన్నెండేళ్ళు లాగీ లాగీ సాగదీశావు దీన్ని."

"అలా అయితే నేను కుట్టిన బట్టలన్నీ తేడా రావాలిగా?"

"కొలిచిందీ దీంతోనే, కత్తిరించిందీ దీంతోనే. తేడా ఎందుకొస్తుంది? దొంగా పోలీసూ ఒకడే అయితే కేసెక్కడుంటుంది?"

పెద్దకోడలు బ్లేడు కింద పెట్టింది. మొదటి సోమవారం తన నడుము కొలిచింది ఏ టేపుతో? పాతదాంతో. ఆ తర్వాత? కొత్తదాంతో.

లెక్క ఆయనే కట్టేశాడు. పటాలు కట్టేవాడికి అంగుళాలు నోటిమీదే ఉంటాయి. "ఓసి నీ! మొదటి రోజు నువ్వు నలభై కాదోయ్, నలభై రెండు! ఇప్పుడు ముప్పై తొమ్మిదిన్నర. రెండున్నర అంగుళాలు తగ్గావు! పైగా లంగాలో ఎలాస్టిక్ సాగిపోయిందని రెండుసార్లు మార్చుకున్నావు. పాపం ఎలాస్టిక్ నిజమే చెప్పింది, దాన్ని చెత్తబుట్టలో వేశావు!"

నాలుగు నెలలుగా ఆమె ఎదురుచూసిన వార్త ఇదే. వచ్చింది. ఒళ్ళో నీలం కోటు ఉండగా వచ్చింది.

చిన్నది మొదటినుంచీ పాత టేపుతోనే కొలుచుకుంది కాబట్టి, దాని లెక్క దానికి సరిపోయింది. మూడంగుళాలు, ఇంకాస్త. తనకూ దానికీ తేడా అర అంగుళం, మహా అయితే ముప్పావు. ఆ మాత్రానికి తను రెండంగుళాలు దొంగిలించింది. ఆ పాత టేపు దానికెందుకని పారేసి ఇద్దరికీ కొత్తది వాడినా, కొత్తది దానికిచ్చి పాతదే తను ఉంచుకున్నా, ఈ నాలుగు నెలలూ ఇంత మంటే ఉండేది కాదు.

"సంతోషంగా లేదా?" అన్నాడాయన.

"ఉంది."

"ఆ కోటెందుకు విప్పుతున్నావు? అది తగ్గిందన్నారుగా."

ఆయన కోటు అంచు చేతిలోకి తీసుకున్నాడు. విప్పిన నాలుగో కుట్టు దగ్గర సూది చిల్లులు రెండు వరసలుగా ఉన్నాయి. అంగుళం బిగించాల్సిన చోట ఒకటి. అక్కడ్నుంచి పావంగుళం లోపలికి ఇంకొకటి. బొటనవేలితో ఒక వరస తడిమాడు. తర్వాత రెండోది తడిమాడు.

ఆమె చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆయన కోటు ఒళ్ళో పెట్టేసి, గాజుపలక చంకనపెట్టుకున్నాడు. "ఇది అతకదు. కొత్తది కొయ్యాల్సిందే," అని లోపలికి నడిచాడు.

వంటింట్లోంచి ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, కిటికీ అద్దం పాడుచేశాను. తప్పు నాదే. కొలత తప్పు."

"సరేలే, రేపు పెట్టు," అంది అత్తగారు. అంతే. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

పెద్దకోడలికి ఆ మనిషి మీద ఇంకోసారి కుళ్ళు పుట్టింది. బరువూ ఇట్టే తగ్గుతాడు, తప్పూ ఇట్టే ఒప్పుకుంటాడు.

నాలుగో కుట్టు కుట్టేసి, ఇస్త్రీ చేసి, కోటు తీసిన వంకెకే తగిలించింది.

*

రెండు రోజుల విశ్రాంతి గడిచిన పొద్దున్న, ముందు గదిలోంచి కేక వినిపించింది.

"అక్కా! అక్కా, ఇలా రా!"

పెద్దకోడలు చేతిలో రొట్టె పళ్ళెంతోనే పరుగెత్తింది. చిన్నకోడలు అద్దం ముందు నీలం కోటు వేసుకుని నిలబడి ఉంది. పై రెండు గుండీలూ పెట్టేసి, మూడోదాని కింద బొటనవేలు దూర్చి చూపిస్తోంది.

"చూడు! పట్టేసింది! వేలు కూడా దూరుతోంది! రెండంగుళాలు పోయాయక్కా!"

"మంచిదేగా. రా, తిను మరి." పెద్దకోడలి గొంతు తేలికపడింది. తను అనుకున్నట్టే అవుతోంది. "గుడ్డు కూడా ఉడికింది."

"తినడమా? ఇప్పుడా?" చిన్నది పళ్ళాన్ని రెండు వేళ్ళతో వెనక్కి తోసింది. "ఇన్నాళ్ళూ ఆకులు తిని, ఆరు చుట్లు నడిచి అంగుళం తగ్గడానికి నెల పట్టేది. తిండి మానేస్తే ఇట్టే తగ్గింది. పస్తే మందక్కా! ఇన్నాళ్ళూ మనకు తెలియలేదు. ఇంకో పదిహేను రోజులు ఇలాగే ఉంటాను. నువ్వూ ఉండు. ఇద్దరం కలిసి..."

"ఏమన్నావ్?" మరిది గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లు ఒకటి కాలికి, ఒకటి చేతిలో. "మళ్ళీ అను."

"నాకేం కాలేదండీ. కళ్ళు తిరిగాయంతే."

"ఈసారి అద్దాల బల్ల మీద పడితే మొహం మిగలదు! డాక్టరేం రాశాడు? చదువుకున్నావుగా, చదువు!" బల్ల మీది చీటీ తెచ్చి ఆమె ముఖం ముందు ఊపాడు. "నీకు నేను చెప్పేదీ అవసరం లేదు, డాక్టరు చెప్పేదీ అవసరం లేదు. ఆ కోటేం చెప్తే అదే వేదం!"

"కోటే నిజం చెప్తుంది, మీలా అరవదు!"

అత్తగారు వచ్చింది. వెనకాలే పెద్దకొడుకు, చేతిలో ఇనుప టేపు. కిటికీ కొలుస్తూ కొలుస్తూ వచ్చినట్టున్నాడు.

"పెద్దమ్మాయ్, నువ్వు చెప్పవే. అది నీ మాటొక్కటే వింటుంది," అంది అత్తగారు.

ఈసారి నిజంగానే అందరూ ఆమె వైపు చూశారు. మొన్న భుజాలు తడుముకోవడం తొందరపాటే అయింది.

"ఆ పాత టేపు..." అంది పెద్దకోడలు.

"టేపుకేమైంది?" అన్నాడు మరిది.

ఎంత సులువైన దారి! టేపు సాగిపోయింది. కొలత తప్పింది. కోటు తప్పు కుట్టాను. మొన్న చూసుకుని సరిచేశాను. ఒక్క మాట తేడాతో అంతా నిజమే. టేపుకు నోరు లేదు. ఆమె భర్త వైపు చూసింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఇనుప టేపును కొంచెం లాగాడు, వదిలాడు. అది టక్కున డబ్బీలోకి దూరింది.

"టేపు సాగింది," అంది ఆమె. "కానీ కోటు కొలిచింది దాంతో కాదు."

"ఏం మాట్లాడుతున్నావక్కా?"

"నువ్వు లావెక్కలేదు చిన్నీ. ఒక్క రోజు కూడా ఎక్కలేదు. మూడు వారాల కిందట నువ్వు అడిగిన దానికంటే ఎక్కువ బిగించాను. మొన్న మధ్యాహ్నం విప్పింది కూడా నేనే. పస్తుంటే తగ్గినవి కావు అవి. నేను తీసుకుని, నేను తిరిగిచ్చినవి."

మరిది చేతిలోని బూటు కింద పడింది. ఎవరూ దాన్ని చూడలేదు.

"ఎంత?" అంది చిన్నకోడలు. చాలా మెల్లగా.

"కుట్టుకు పావంగుళం. రెండు వైపులా."

"పొరపాటునా?"

చిన్నకోడలి వేళ్ళు మూడో గుండీ మీదే ఆగి ఉన్నాయి. పెట్టుకోనూ లేదు, తియ్యనూ లేదు. పొరపాటునే అని చెప్పమని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. అది చూడగానే పెద్దకోడలికి పళ్ళెం బరువెక్కింది. బల్ల మీద పెట్టేసింది.

"కాదు. తెలిసే చేశాను. నువ్వు తగ్గుతుంటే చూడలేక చేశాను," అంది. "తప్పు టేపుది కాదు, నీది కాదు. తప్పు నాదే."